మూడున్నర పట్టే ఇంజన్‌లో ఐదు లీటర్లు

ఈ సంగతి సర్వీసు షెడ్డులో పనిచేసే ఆ పిల్ల ఇంతవరకూ ఎవరి ముందూ పైకి అనలేదు. ఏ బండికి ఎంత ఆయిల్ పడుతుందో పుస్తకం తెరవకుండా చెప్పగలనని సర్వీసు షెడ్డంతా చాటుకుందా, ఆ పొద్దునే టీచరమ్మ కారులో తప్పు పోసింది. ఒకే మోడల్, ఒకే రంగు. డీజిల్‌దైతే ఐదు లీటర్లు, పెట్రోల్‌దైతే మూడున్నర. పెట్రోల్‌దాంట్లో ఐదూ వంపేసింది. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ బయటికి లాగి గీత ఎక్కడుందో చూడను కూడా లేదు, తన మీద తనకంత నమ్మకం. కారు వెళ్లిపోయాక ఖాళీ డబ్బా చూశాకే చేసిన తప్పు తెలిసింది. మధ్యాహ్నం బడి వదలగానే టీచరమ్మ ముసలి తల్లిని ఎక్కించుకుని కొండదారి పడుతుంది.

షెడ్డు పక్కనే టీకొట్టు. బెంచీ మీద ఆ పిల్ల బాబాయి. పాతికేళ్ల డ్రైవరు, నోరు తెరిస్తే కోతలు. ఆమె గ్లాసు పట్టుకుని పక్కన కూలబడింది.

"బాబాయ్, ఇంజన్‌లో ఆయిల్ ఎక్కువైతే ఏమవుతుంది?" అంది, ఎవరి సంగతో అన్నట్టు.

"నన్నడుగు! నా పాత కారుంది చూశావూ, అది పట్టేది మూడున్నరే. ఓసారి చెయ్యి జారి నాలుగు పోశా. ఏమైందనుకున్నావ్? వెన్న మీద జారినట్టు పోయింది. నాలుగు లీటర్లకే ఇలా ఉంటే ఐదుకెలా ఉంటుందోనని ఇంకో లీటరు పోశా."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "ఏం కాలేదా?"

"కాకపోవడమేంటే! నేను కొండెక్కలేదు, కొండే వంగి దారిచ్చింది."

"మరి పెట్రోలు?" అంది టీకొట్టు అక్క.

"అదే చెప్తున్నా, అడ్డు రాకు. ముల్లు కిందికి కాదు, పైకి పోతోంది! ట్యాంకు పొర్లిపోతుంటే దారిలో ఆగిన మూడు బళ్లకు పట్టిచ్చా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆరో లీటరు పోశా. అంతే, చక్రాలు రోడ్డు వదిలేశాయి. పదింటికి బయల్దేరినవాణ్ణి తొమ్మిదిన్నరకే తిరిగొచ్చేశా. 'ఇంకా బయల్దేరలేదేం?' అని మీ పిన్ని కసిరింది!"

అక్క పగలబడి నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. ఆరు సంగతి ఎలా ఉన్నా ఐదు వరకూ నిజమైతే చాలు.

"ఒట్టేసి చెప్పు బాబాయ్, ఐదు నిజమేనా?"

బాబాయి నోరు తెరిచేలోగా, పంచర్లు వేసే తాత నీళ్ల తొట్టిలోంచి ట్యూబు పైకి తీస్తూ అందుకున్నాడు. "కొండ మొదట్లోనే ఆగిపోతే తోసింది నేను కాదుట్రా? ఆయిల్ మజ్జిగ చిలికినట్టు నురగ కట్టింది, వెనకాల నీలం పొగ, ఆయిల్ కారకుండా ఆపే సీళ్లన్నీ పోయాయి. ఇప్పుడా కారులో మీ కోళ్లు గుడ్లు పెడుతున్నాయి."

"పెట్టనీ! సుఖంగా ఉన్నాయిగా!" అన్నాడు బాబాయి, తగ్గకుండా. అంతలో ఆమె మొహం కంటబడింది. గొంతు తగ్గించాడు. "నిజం చెప్పాలంటే, ఆవేళ బండి తియ్యొద్దని ఎవరైనా ఒక్క మాట అనుంటే దక్కేదే. ఎక్కువైంది కిందికి వదిలేస్తే సరిపోయేది. ఎవరూ అనలేదు."

బడి వదలడానికి ఇంకా పావుగంట ఉంది. ఆమె గ్లాసు కింద పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుని, ఫోన్‌లో టీచరమ్మ నంబరు వెతికింది. ముందు అనాల్సిన మాట లోలోపలే ఒకసారి అనుకుని చూసుకుంది: 'టీచర్, బండి తియ్యకండి. తప్పు నాదే.'

అనగలననిపించింది.