కదలని అంకె

ఏమన్నావ్, కంట్రోల్ రూములో ఉద్యోగమా? కూర్చుని కంప్యూటర్ చూస్తుంటే చాలా? ఉండు తల్లీ, నన్ను లేవనీ, ఈ మాట ఒకచోట కూర్చుని చెప్పలేను. మీ అమ్మమ్మకి పెద్దన్నయ్య ఉండేవాడు, నాకు బావ. నువ్వెరగవులే, మీ అమ్మే ఎరగదు. కాగితాల మిల్లులో ఇద్దరిదీ ఒకే డ్యూటీ. సలసల కాగే కాస్టిక్ సోడా నీళ్ళ ట్యాంకు మా బాధ్యత, ఒంటి మీద పడితే తోలు ఊడొస్తుంది. ఆయనేమో కాలుగాలిన పిల్లి! కంప్యూటర్లొచ్చాక కూడా గంటకోసారి మెట్లెక్కి, ట్యాంకు పక్కన గాజుగొట్టంలో మట్టం కళ్ళారా చూసొచ్చేవాడు. "ఏం బావా, తెర మీద ఆనట్లేదా, కళ్ళజోడు మార్పించనా?" అని ఏడిపించేవాణ్ణి. "నీకు తెలీదులేవోయ్" అనేవాడు, అంతే.

ఆ మధ్యాహ్నం కుర్చీలో నేనున్నా. తెర మీద ట్యాంకు మట్టం నూటికి అరవై రెండు. గంటైనా అరవై రెండే. హాయిగా క్యారేజీ విప్పుకున్నా. బావొచ్చి తెర చూశాడు. "ఎంతసేపట్నించీ ఇలా ఉంది?" "గంట నించీ బుద్ధిగా ఉంది బావా!" "బుద్ధిగానా? పైనుంచి పడుతోంది, కిందనుంచి పోతోంది, పిసరంతైనా ఊగదా? ఆ మీటరు చచ్చిందోయ్!" ఒకటే పరుగు. నేను నోట్లో ముద్దతో వెనకాల. అప్పటికే పొర్లుతోంది. కింద ఆరుగురు పైపులకి రంగులేస్తున్నారు. వాళ్ళని కేకలేసి తరిమి, వాల్వు చేత్తో కట్టేశాడు. ఆరుగురూ దక్కారు. ఆయన చేతులే, మోచేతుల దాకా... ఏం చెప్తున్నా? ఆ, విచారణ. "కుర్చీలో ఎవరున్నారు?" అని మేనేజరు అడిగితే, "నేనే సార్, కునుకు పట్టింది" అన్నాడు బావ. ఆయనకి కునుకా! నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, మీ అమ్మమ్మకి నెలలు నిండాయి. అదీ ఆయన లెక్క. నేను పక్కనే నిలబడున్నా. నోరు విప్పలేదమ్మా. సిగ్గులేని వెధవని, విప్పలేదు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసి ఇంటికి పంపేశారు.

ఓసారి కాళ్ళు పట్టుకుందామని డ్యూటీ మధ్యలో వెళ్ళా. కట్లు కట్టిన చేతులతో గుమ్మంలోనే ఆపేశాడు. "నువ్విక్కడుంటే అక్కడ అంకెనెవరు చూస్తున్నారోయ్?" అన్నాడు. వెనక్కి పరుగెత్తా. చెప్పాల్సింది చెప్పనేలేదు. నెల తిరక్కుండా పోయాడు. ముప్పైనాలుగేళ్ళు అదే కుర్చీలో చేశా, ఒక్కరోజు వీపానించి కూర్చోలేదు. మీ అమ్మమ్మకి ఈనాటికీ, ఆ కుర్చీలో ఉన్నది నేనని...

అది సరేగానీ, ఆ గోడ గడియారం ఇందాకట్నించీ నాలుగూ పదే చూపిస్తోంది. లే తల్లీ, దగ్గరకెళ్ళి చూడు.