అతుకులాయన మీద వేసిన నింద

అందరికీ నమస్కారం.

డాక్టర్లు, నర్సులు, డ్యూటీ మధ్యలో పరుగున వచ్చిన వార్డువాళ్ళు, ముందు వరసలో కూర్చున్న యాజమాన్యం వారు, అందరికన్నా ముందు, అమ్మా, నువ్వూ నీ కూతురూ. ఇంత దుఃఖంలోనూ ఈ సంతాప సభకి మెట్లెక్కి వచ్చారు. మీ ఎదుటే ఈ నాలుగు మాటలూ చెప్పాలి.

నేను ఈ ఆసుపత్రి ల్యాబ్ ఇన్‌చార్జిని. పోయినతను మన సర్వర్లు చూసే ఇంజనీరు. మన కంప్యూటర్లన్నీ నడిచేది క్లౌడ్‌లో, అంటే ఎక్కడో అద్దెకు తీసుకున్న సర్వర్ల మీద. వాటిని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎప్పుడూ ఏదో ఒక కన్నం బయటపడుతూనే ఉంటుందట. దాన్ని పూడ్చడానికి కంపెనీవాళ్ళు ప్యాచ్ పంపిస్తారు. అది వేసి, సర్వర్‌ని ఓసారి ఆపి, మళ్ళీ లేపాలి. "అద్దె కొంపైనా గడియ మనమే పెట్టుకోవాలి కదక్కా" అనేవాడు. ప్యాచ్ అంటే అతుకు. అందుకే అతుకులాయన అని పేరు పెట్టాం. వెక్కిరింపుగానే పెట్టాం.

ఒక పొద్దున ల్యాబ్ కిటకిటలాడుతుంటే, అతను సర్వర్లు ఆపడంతో స్క్రీన్లు ఆగిపోయాయి. నేను అతని గదికెళ్ళి నానా మాటలూ అన్నాను. మర్నాడు వచ్చి, కుర్చీ లాక్కుని మా ల్యాబ్‌లో ఓ మూల కూర్చున్నాడు. ఏ వేళకి శాంపిళ్ళు పోటెత్తుతాయో, ఏ వేళకి సద్దుమణుగుతుందో చూశాడు. అప్పట్నుంచీ భోజనాల వేళకే ఆపేవాడు. తనూ వచ్చి మా పక్కన కూర్చుని రిపోర్టులు చేత్తో రాసిపెట్టేవాడు. "ఇక్కడైతే మీ తిట్లు నేరుగా వినొచ్చు" అనేవాడు.

ఇంకోసారి అతను వేసిన ప్యాచే తిరగబడింది. ఎక్స్‌రేలు తెరుచుకోలేదు. ఏం చేశాడు? కంపెనీ మీదకి నెట్టాడా? కింది ఉద్యోగి మీదకి నెట్టాడా? ముందు ఆ ప్యాచ్ వెనక్కి తీసేశాడు. తర్వాత వార్డు వార్డుకీ తిరిగి, "నా అతుకే చిరుగు పెట్టింది, నన్నే అనండి" అని చెప్పుకొచ్చాడు. ఆ మాట అనగలిగినవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారు?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కొత్త బ్లాకు ప్రారంభోత్సవానికి ముందు జరిగిన మీటింగులో నేనున్నాను. మేట్రన్ గారున్నారు. ఫార్మసీ ఆయనా ఉన్నాడు. పెద్ద కన్నం బయటపడింది, వెంటనే ప్యాచ్ వెయ్యాలి, కాసేపు సర్వర్లు ఆపనివ్వండి అని అతను అడిగాడు. అతిథులు వచ్చేవేళ స్క్రీన్లు నల్లగా ఉంటే పరువు పోతుందన్నారు డైరెక్టరు గారు. మళ్ళీ అడిగాడు. "ఇతనికి ఎప్పుడూ ఒకటే పాట" అన్నారు. అందరూ నవ్వారు. అతను మాత్రం లేచి నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చున్నాడు.

రిబ్బను కత్తిరించారు. ఫొటోలు దిగారు. ఆ వారంలోనే కంప్యూటర్ దొంగలు ఆ కన్నంలోంచే దూరి, డబ్బిస్తేనే తీస్తామని మన ఫైళ్ళన్నిటికీ తాళం వేశారు. పాత రిపోర్టులు తెరుచుకోక, ఆపరేషన్‌కి సిద్ధం చేసిన మనిషిని థియేటర్ గుమ్మంలోంచి వెనక్కి పంపాం. అప్పుడు సర్వర్లని ఒక్కొక్కటే మళ్ళీ నిలబెట్టింది ఎవరు? అతనే. అన్నీ లేచాక ఇంటికెళ్తూ బస్సులో గుండె పట్టుకుని ఒరిగిపోయాడు.

యాజమాన్యం వారూ, ఆ చావుకి మీరే కారణమని నేననను. గుండె సంగతి డాక్టర్లకి తెలుసు. నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి.

నిన్న ఆ దొంగల పని మీద విచారణ నివేదిక వచ్చింది. "సంబంధిత ఇంజనీరు సకాలంలో ప్యాచ్ వేయని నిర్లక్ష్యం వల్ల" అని రాశారు. ఎవరా సంబంధిత ఇంజనీరు? ఈ ఫొటోలో ఉన్నతనే. నోరులేని మనిషి మీద రాస్తే అడిగేవాళ్ళుండరనుకున్నారా? దాని మీద సంతకం పెట్టిన చేతులే ఇందాక ఈ ఫొటో ముందు పూలు పెట్టాయి. మాలో ఒకడన్నారు. కుటుంబమన్నారు. నేను రోజూ మలమూత్రాల శాంపిళ్ళ మధ్య బతికేదాన్ని. ఆ కంపుకి అలవాటుపడ్డాను. ఇందాక ఈ పూల వాసనకే ముక్కు మూసుకున్నాను.

పర్సనెల్ ఆఫీసరు గారూ, చెయ్యి ఊపకండి. ముగించేటప్పుడు నేనే ముగిస్తాను.

పాపా, ఇటు చూడమ్మా. మీ నాన్న నిర్లక్ష్యం చేసి పోలేదు. అడిగి, అడిగి, కాదనిపించుకుని పోయాడు. ఎవరొచ్చి అడిగినా మేట్రన్ గారూ, ఫార్మసీ ఆయనా, నేనూ, మేం ముగ్గురం ఇదే చెప్తాం. ఇందాకే అనుకున్నాం.

ఇక అతని కోసం లేచి, కాసేపు మౌనంగా ఉందాం. సంతకాలు పెట్టినవారికి ఒక్క మాట. నివేదికలోని ఆ వాక్యం కొట్టేస్తామనుకుంటే మీరూ లేవండి. లేదంటే కూర్చునే ఉండండి, మేమేమీ అనుకోం. మిగతావాళ్ళం నిలబడదాం.