పొట్టి కాళ్ల కుర్చీ

సకల జనుల సమ్మె రోజులు. పాలకుర్తిలో ఓ ముసలామె ఇంటి ముందు, పాత సామాన్ల వ్యాపారి కుర్చీని తలకిందులు చేసి చూస్తున్నాడు.

“అసలైన టేకు అవ్వా. గీ నగిషీ చూస్తే దొర గడీల కుర్చీ లెక్కుంది.”

“అవు బిడ్డా. దొర కొత్తయి తెచ్చుకొని, గిది మా మామకిచ్చిండు.”

“మరి కాళ్లు జానెడు కోసిన్రేంది? చెదలు పట్టినయా?”

“చెదలు లేదు, ఏం లేదు. దొర కూసునే ఎత్తుల మేం కూసోవద్దట. మామతోనే కోయిపిచ్చినంక గడీ దాటనిచ్చిండు.”

“అయ్యో, సగం ధర పాయె. ఫికర్ వద్దు, నేను అతుకేపిస్త. కోసినట్టు ఎవ్వలకు తెల్వది.”

“తెల్వకుంట చేస్తవా? అయితే నేనియ్య. జర అటు పట్టు, దీక్ష టెంటులకు తీస్కపోదాం.”

“గింత పొట్టి దాంట్ల ఎవరు కూసుంటరవ్వా?”

“నేనే. కుర్చీ కాళ్ల కింద ఇటుకలు పెట్టుకొని.”