ఏబెల్ ఐవోరు కొలిచిన గోడ

కూర్చోమ్మా. ఆ కుర్చీ వద్దు, దానికొక కాలు ఊగతా ఉండాది. మేస్త్రీ ఇంట్లో కుర్చీకే మరమ్మత్తు లేదని నవ్వుకోబాక. ఈ మంచం మీద కూర్చో. బస్సు దిగి దామోదరం మేస్త్రీ ఇల్లు యాడంటే చెప్పినారా? ఇంగా చెప్తా ఉండారంటే మేలే. ఏబెల్ ఐవోరి మనవరాలివా నువ్వు! ఆ నుదురు సూసినప్పుడే అనుకున్నాలే. రాజశ్రీ అంటివి కదా. ఏర్పేడులో ఆ పెద్ద కాలేజీలో సైన్సు పరిశోధనా? మీ తాత ఉండుంటే ఊరంతా మిఠాయి పంచేవాడు... కాదులే, మిఠాయి పంచే మనిషి కాదాయన, నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పది ప్రశ్నలడిగేవాడు. ఏందది, నోటుబుక్కా? ఇటు తే. అబ్బా... ఈ నీలం అట్ట నాకు తెలుసు. నా కంటికి ఆనదు, ముందుండే అంకెలొద్దులే, ఆ ఆఖరి ముక్క నువ్వే చదువు. ఊ. "ఆగస్టు ఇరవై ఎనిమిది. ఆరూ నలభై. చెయ్యి ఎత్తు, ఏడడుగుల రెండంగుళాలు." ఆ తర్వాత? అన్నీ తెల్ల కాయితాలేనా. మీ నాయనకూ తెలీదా ఆ ముక్కకు అర్థం? ఎట్ల తెలుస్తాది, అప్పటికి మీ నాయన పుట్టనే లేదు. ఏందీ, ఆ దినంతో తాతకు దేవుడి మీద నమ్మకం పాయెనని మీ ఇంట్లో అనుకుంటారా? ఎవరమ్మా అన్నది? ఉండు, చెప్తా. ముందు ఆ మజ్జిగ తాగు.

మీ తాత ఈడ హైస్కూల్లో సైన్సు ఐవోరు. ఆదివారం చర్చిలో వాక్యం చెప్పేదీ ఆయనే, ఎందుకంటే పాస్టరయ్య చిత్తూరు నుంచి నెలకు రెండుసార్లే వస్తా ఉండె. మరి పిల్లోళ్లు ఊరుకుంటారా? మా తమ్ముడు ధనంజయ ఆయన క్లాసే. ఒక సోమవారం లేచి అడిగేసినాడంట, "సార్, నీళ్ల మీద కాలు పెడితే మనిషి మునగతాడని మీరే చెప్తిరి, మరి యేసు ఎట్ల నడిచినాడు సార్?" అని. ఇంకో ఐవోరైతే బెత్తం తీసేవాడు. ఈయన సుద్దముక్క కింద పెట్టి, "మంచి ప్రశ్నరా. మునగడమే మామూలు. మునగతారని బాగా తెలిసినోళ్లు, అదీ చేపలు పట్టే వాళ్లు, చూసి అదిరిపోయినారు కాబట్టే చెప్పుకున్నారు. ఒక్కసారి జరిగిందన్నదాన్ని నేను ఈ గాజు గ్లాసులో మళ్లీ చేసి చూపించలేను. చెప్పినోళ్లు అబద్ధాలకోరులా కాదా అని మాత్రం చూసుకోగలను. నేను చూసుకున్నా, నమ్మినా. నువ్వు నీకై నువ్వు చూసుకో. పరీక్షలో మాత్రం మునగతాడనే రాయి" అన్నాడంట. వాడు ఇంటికొచ్చి అదే గొంతుతో చేసి చూపిస్తే మా నాయన కూడా నవ్వినాడు. మా నాయన నవ్వడమంటేనే ఊళ్లో అందరూ చెప్పుకునే సంగతి, అంత ముఖం ముడుచుకునే మనిషి.

యాడున్నా... ఆ, గోడ. పాత చర్చి వానకు కూలిపోతే కొత్తది లేపినారు. పూత పని నాకిచ్చినారు. అప్పటికి నాకు ఇరవై నాలుగేండ్లు. మా నాయన ఒప్పుకోలే, "వాళ్ల గుడికి నువ్వెందుకురా తాపీ పట్టేది, మామిడితోట కాపలా ఎవరు పోతారు?" అని. నేను వింటేగా. అప్పటి పూత ఇప్పటి సిమెంటు మాదిరి కాదమ్మా. సున్నం గానుగలో ఆడించాల, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపాల, ఆఖరి పూతకు కోడిగుడ్డు తెల్లసొన వేసి గుండ్రాయితో రుద్దతా ఉంటే గోడ అద్దం మాదిరి తేలతాది. ఆ పూత పచ్చిగా ఉండంగా దాని మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు, అది మా మేస్త్రీల కట్టుబాటు. చెయ్యి మారితే మరక తేలతాది. నా పెండ్లాన్ని కూడా నేనెప్పుడూ ముట్టనీలే. అట్లాంటోణ్ణి, ఒక్కసారి తప్పినా. ఆ తప్పు గురించే నువ్వు వచ్చింది, తెలీక వచ్చినా సరే.

మీ నాయనకు ముందు ఒక అక్క ఉండె. సారా. పేరు విన్నావా? ఫోటో కూడా లేదా? ఆరేండ్ల బిడ్డ. మీ తాత వెంట పని కాడికి వచ్చి, "తాపీమామా, తాపీమామా" అని నా వెనకాలే తిరుగుతా ఉండె. నన్ను ఎవరూ అడగనన్ని ప్రశ్నలు అడిగింది. పిట్టలు సున్నం తింటాయా, గోడకు చలేస్తాదా, ఇట్లాంటివి. తాత అప్పట్లో గూడూరు పోయి బడికోసరం కాకిబంగారం తెచ్చినాడు. నీకు తెలుసుగా, ఆ పొరలు పొరలుగా ఊడే రాయి, ఎండకు తళతళమంటాదే, అదే. ఒక దినం ఆ బిడ్డ గౌను మడతలో దాన్ని పొట్లం కట్టుకొచ్చి, "మామా, ఇది గోడలో వెయ్యి, మెరుస్తాది" అనింది. నేను బలిపీఠం కాడ, అదే, బల్ల ఉండే పడమటి గోడకు ఆఖరి పూత వేస్తా ఉండా. వద్దు పాపా, గోడ పాడైపోతాదంటే మూతి ముడిచింది. ఏమైందో నాకు, ఈ పొద్దుకీ తెలీదు, ఆ బిడ్డను భుజమ్మీద కూర్చోబెట్టుకున్నా. నలిపిన కాకిబంగారం పిడికిట్లో పట్టుకుని చెయ్యి అందినకాడికి గోడకు కొట్టింది. నేను దాని మీదే గుండ్రాయి తిప్పినా. ఎండినాక సూస్తే ఏమీ అగుపడలే. నీడలో తెల్లగోడే. ఆ సాయంత్రం బడి పెట్టెలో రాయి లేదని తాత అడిగితే, "నేనే తీసినా" అనిందంట. ఎవరికిచ్చినావంటే పలకలేదంట. ఒక దెబ్బ వేసినాడు. నా పేరు మాత్రం చెప్పలే. నేనూ పోయి చెప్పలే. బడి సొమ్మని భయం. ఇరవై నాలుగేండ్ల మగోడు, ఆరేండ్ల బిడ్డకున్న ధైర్యం లేదు నాకు.

రెండు నెలలకు ఆ బిడ్డకు జ్వరం తగిలింది. నాలుగు దినాలు. తాత చిత్తూరు పెద్దాసుపత్రికీ తీసకపోయినాడు, మోకాళ్ల మీద ఉండి ప్రార్థనా చేసినాడు, రెండూ చేసినాడు. పాయె. అంతే. మీ అవ్వ రూతమ్మక్క ఆ తర్వాత చర్చి గడప తొక్కలే, పాట పాడలే. అంతకు ముందు ఆమె పాడతా ఉంటే మా తోట కాడికి వినపడతా ఉండె. అట్లాంటిది ఈస్టరు పండగ వచ్చింది, ఏప్రిల్ నడుమ. తెల్లారుజాము ఆరాధన. ఆ పొద్దు ఎవరో బతిమాలితే వచ్చి వెనకాల తలుపు పక్కన కూర్చుంది. నేను బయట చెప్పులకాడ నిలబడి సూస్తా ఉండా. ఆరూ నలభై అయింది, తూరుపు తలుపు పైన ఉండే గుండ్రని కిటికీలోంచి ఎండ వచ్చి పడమటి గోడకు తగిలింది. తగలంగానే, అమ్మా, గోడలో చేటంత మేర నిప్పు రాజినట్టు మెరిసింది! జనం "స్తోత్రం, స్తోత్రం" అని మోకాళ్ల మీద పడిపోయినారు. రూతమ్మక్క లేచి నిలబడి పాట ఎత్తుకుంది. ఆ గొంతు విని నేను ఏడ్చినా. ఎందుకు మెరిసిందో ఆ జనంలో నాకొక్కడికే తెలుసు.

ఇంగేముంది, పలమనేరు నుంచీ గుడియాత్తం నుంచీ జనం. పాస్టరయ్యకు సంతోషం పట్టలేదు. నన్నేమో "ఆ చెయ్యి మామూలు చెయ్యి కాదు" అని పనికి పిలిచేవాళ్లు పెరిగినారు. ఒక్క మీ తాతకే నిద్ర లేదు. దినమూ ఆరుకు ఈ నోటుబుక్కు పట్టుకుని పోయి, మెరుపు యాడ మొదలైంది, యాడ ఆరింది, గోడ మీద బొగ్గుతో గీత గీసేది. ఎండ దినదినానికీ ఎడం పక్కకు జరిగి ఎనిమిదో దినానికి మెరుపు ఆగిపాయె. "దామోదరం, పొద్దు ఉత్తరానికి పోతా ఉంది, జూన్ ఇరవై ఒకటికి వెనక్కి మళ్లతాది. ఈస్టరు నుంచి ఆ దినానికి అరవై ఏడు దినాలు. మళ్లీ అరవై ఏడు లెక్క పెడితే ఆగస్టు ఇరవై ఏడు, ఎనిమిది. పొద్దు అదే దోవన వస్తాది. ఆ పొద్దున గోడ మెరిస్తే అది ఎండ. మెరవకపోతే అందరికన్నా ముందు నేనే మోకరిస్తా" అన్నాడు. పాస్టరయ్య ఒప్పుకోలే. "ఏబెలూ, దేవుణ్ణి శోధించగూడదు" అన్నాడు. "నేను శోధించేది గోడనయ్యా" అన్నాడు ఈయన. నాకు ఉండబట్టలేక, ఎందుకు సార్, అక్క పాడతా ఉండాది కదా, వదిలెయ్యండి అన్నా. అప్పుడు నా పక్కకు తిరిగి చెప్పినాడమ్మా, ఆ మాట నేను ఎవరికీ చెప్పలే ఇంతవరకూ. "గోడను మెరిపించేదానికి తీరిక ఉన్న దేవుడికి నా బిడ్డను బతికించేదానికి లేకపాయెనా? అట్లాంటి దేవుడైతే నేనెట్ల మొక్కేది? అందుకే తెలుసుకోవాల" అన్నాడు. అని ఇంకొకటి అడిగినాడు, "ఎండ గోడంతా పడతాది, చేటంత జాగానే ఎందుకు మెరవాల? ఆడేం కలిపినావు?" ఏమీ లేదు సార్ అన్నా. అబద్ధం. నాలుగు నెలలు ఆ అబద్ధంతోనే అన్నం తిన్నా.

ఆగస్టు ఇరవై ఎనిమిది. ముందునాడు మబ్బు, ఏమీ తేలలే. ఆ పొద్దు కూడా మబ్బే. లోపల ముగ్గురమే. తాత, నేను, రూతమ్మక్క. ఆమెను తీసుకురావద్దని ఎంత చెప్పినా వినలే, "తెలిసేదేదో ఇద్దరికీ ఒకేసారి తెలియాల" అన్నాడు. ఆరున్నర. ఆరూ ముప్పై ఐదు. నాకు లోపల, రాబాక సామీ, మబ్బులోనే ఉండు అని. మా ఏడుకొండలవాడికే మొక్కుకున్నా, చర్చిలో నిలబడి. మబ్బు పగిలింది. గోడ మెరిసింది. అదే జాగా, చేటంత. తాత గడియారం సూసి రాసుకున్నాడు. "ఎండే, రూతూ" అన్నాడు. ఆమె ముఖం సూసినా నేను. దీపం ఆర్పినట్టయిపాయె. ఇంగ నా వల్ల కాలే. కింద కూర్చుండిపోయి చెప్పేసినా. సార్, అది సారా, ఆ కాకిబంగారం నాకే ఇచ్చింది, నా భుజమ్మీద కూర్చుని తన చేత్తోనే కొట్టింది, మీరు దెబ్బ వేసింది నా వల్లే అని. రూతమ్మక్క పోయి గోడకాడ నిలబడి చెయ్యి ఎత్తింది, అందలే. తాత నన్ను తిట్టలేదమ్మా. తిట్టుంటే బాగుండు. జేబులోంచి టేపు తీసి, "ఆ కొసన పట్టుకో" అన్నాడు. కింద నుంచి మెరుపు దాకా కొలిచినాడు. ఏడడుగుల రెండంగుళాలు. నా భుజమ్మీద ఆ బిడ్డ కూర్చుంటే చెయ్యి అందే ఎత్తు. అదీ, రాసి పెట్టింది. ఆ తర్వాత రాసేదానికి ఆయనకు ఇంకేం కావాల? నోటుబుక్కు మూసేసి గోడకు తల ఆనించి ఏడ్చినాడు.

నమ్మకం పోయిందా అంటివే. ఆ ఆదివారం నేనూ లోపలికి పోయి కూర్చున్నా. లేచి చెప్పినాడు, "ఈ గోడ అద్భుతం కాదు. ఎండ, కాకిబంగారం, మా సారా అల్లరి. దేవుడు నా బిడ్డను వదిలేసి గోడతో ఆడుకోలేదు. అది తెలిసినాక నాకు ఊపిరి ఆడింది. సమాధిలోంచి లేచినాయన్ను నేను నమ్ముతా, దానికి ఈ గోడ సాక్ష్యం అక్కర్లేదు. సారాను మళ్లీ చూస్తానని నమ్ముతా. దానికి నా దగ్గర లెక్కా లేదు, కొలతా లేదు" అని. జనం సగం లేచిపోయినారు. పాస్టరయ్య ఆ మెరుపు మీద సున్నం కొట్టమని నన్నే పిలిపించినాడు. కొట్టనన్నా. రూతమ్మక్క మాత్రం ఆ సగం ఖాళీ చర్చిలో పాట ఎత్తుకుంది, ఈస్టరు దినం కన్నా గట్టిగా. రెండేండ్లకు మీ నాయన పుట్టినాడు.

ఇప్పుడా? ఇప్పుడు మెరవదమ్మా. పదేండ్ల కింద ఎవరో తెలీక రంగు పూసేసినారు. కాకిబంగారం యాడికి పోతాదిలే, రంగు కింద అట్లే ఉంటాది. ఇప్పటి పాస్టరు మంచోడు, చర్చి తాళం ఒకటి నా దగ్గరే... ఏమంటివి? ఈ పొద్దు తేదీ ఎంత? ఇరవై ఏడా! నోటుబుక్కులో సూసుకునే వచ్చినావా నువ్వు? మీ తాత మనవరాలివే. లెయ్యి లెయ్యి, రేపు ఆరూ నలభైకి ఎండ వచ్చేలోగా ఆ రంగు తీసెయ్యాల, ఇంగా పొద్దుండాది. ఆ మూల ఉప్పు కాయితం ఉండాది సూడు, తీసుకో. మెల్లిగా రుద్దాల, గట్టిగా రుద్దితే ఆ బిడ్డ వేసింది కూడా రాలిపోతాది. ఆ స్టూలు కూడా పట్టుకో. ఏడడుగులమ్మా, నీకందదు, ఎత్తుకుందామంటే ఈ భుజాలు ఇప్పుడు పనికిరావు.