తవిటయ్య ఇళ్ళు చూసొచ్చిన వైనం

"అందరూ ఏటి సేత్తారు? ముందు ఇల్లు సూత్తారు, మోజు పడతారు, బయానా ఇచ్చేత్తారు, అప్పుడు అప్పు కోసం బ్యాంకుకి పరిగెడతారు. బ్యాంకోడు కాదన్నాడంటే బయానా గోవిందా! నానలా కాదు. ముందు బ్యాంకు, తర్వాతే ఇల్లు. 'సాబ్, నాకెంతిత్తారో ఇప్పుడే తేల్చి సెప్పండి, అప్పుడు గానీ ఏ ఇంటి గుమ్మం తొక్కను' అన్నాను."

ఉక్కు కంపెనీ కాలనీ అగ్రికోలో, తన క్వార్టరు వరండాలో కూర్చుని తవిటయ్య ఇలా అందుకున్నాడు. జీవితమంతా ఫర్నేసు దగ్గర పనిచేసినవాడు, వచ్చే నెల రిటైరవుతున్నాడు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాల్సిందే. ఎదురుగా పక్కింటి భీమారావు, ఫర్నేసులో తనతో పనిచేసే, వరసకి అల్లుడయ్యే అసిరయ్య టీ గ్లాసులతో ఉన్నారు. గుమ్మంలో తవిటయ్య భార్య జోగమ్మ చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది.

"మావా, నానో మాట సెప్పాలని వచ్చేను," అన్నాడు అసిరయ్య.

"ఆగరా అల్లుడా, మజ్జలో తుమ్మకు. బిష్టుపూర్‌లో బ్యాంకు మేనేజరు నన్ను సూసి లేచి నిలబడ్డాడు. 'బైఠియే తవిటయ్యజీ' అని సొంత కుర్చీ ఇచ్చేసేడు."

"మరాయన ఎక్కడ కూకున్నాడు?" అన్నాడు భీమారావు.

"బల్ల మీద. నవ్వకు, నిజం! ఎంత కావాలన్నాడు. నువ్వెంతిత్తావన్నాను. సెప్పేడు, సాలదన్నాను. పెంచేడు, సాలదన్నాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? పాపం సెమటలు కక్కుకుంటా పరిగెట్టి కలకత్తా పెద్దాఫీసుకి టెలిగ్రాం కొట్టేడు. అక్కణ్ణించి జవాబేటో తెలుసా? 'తవిటయ్య ఎంతడిగితే అంతా ఇచ్చీండి, మనకి తక్కువైతే ఆయన్నే అడుగుదాం' అని!"

భీమారావుకి టీ పొలమారింది.

"అప్పు ముందే మంజూరైందని ఊరంతా పొక్కిపోయింది. ఇల్లు సూడ్డానికి ఏటవతల మాంగో పేటకి బయలెల్తే, సువర్ణరేఖ వంతెన మీద ఇళ్ళమ్ముకునేవోళ్ళు బారులు తీరేరు, బస్సులాగిపోయేయి. ఒకడు తాళాలు సేతిలో పెడతాడు, ఒకడు నోట్లో మిఠాయి పెడతాడు. సరే కదా అని అన్నీ సూసేను. ఒకటుంది, మేడ మీద మేడ, దాని మీద మేడ. పై గదిలో నిలబడితే మబ్బు తలకి తగుల్తాది. తడి బట్టలారవని వొద్దన్నాను. ఇంకోటి ఎంత పెద్దదంటే, వంటింట్లోంచి జోగి పిలిస్తే వీధి గదిలో నాకు మర్నాడు ఇనబడతాది."

"అది కొనీవలసింది," అంది జోగమ్మ తలెత్తకుండా.

"మావా, ఒక్క మాట..."

"ఉండహె! సివరికి ఇళ్ళకే రోసం వచ్చేసింది. ఆయన వచ్చీదాకా ఇక్కడేటి నిలబడతామని, పునాదుల్తో సహా లేచి, ఏరు దాటి అగ్రికో వచ్చేసేయి. పొద్దున్న తలుపు తీసేను కదా, ఇదిగో, ఈ గుమ్మం ముందు లైను!"

"ఏట్లో తడిసిపోలేదేటి బావా?" అన్నాడు భీమారావు.

"ఆడోళ్ళు కుచ్చిళ్ళెత్తుకున్నట్టు గోడలెత్తుకున్నాయిరా. కాళ్ళమీద పడ్డాయి. ఏడ్చేయి. అన్నిటినీ ఎనక్కి పంపేసేను. ఒక్కటే మనసుకి పట్టింది."

తవిటయ్య గొంతు తగ్గింది.

"రెండు గదులే. రేత్రి కంపెనీలో కరిగిన ఇనప చిట్టెం, అదే స్లాగు, పారబోత్తే ఆకాశం ఎర్రబడి, ఆ ఎలుగు తిన్నగా వంటింటి గోడ మీద పడతాది. బల్బెయ్యకుండా అన్నం తినొచ్చు. నీళ్ళగది తలుపు కాలితో ఎత్తి ముయ్యాల. పెరట్లో జాంచెట్టు, మా పద్మకుమారి పుట్టినప్పుడు మీ అత్త నాటింది. ఆ ఇంటి మీద నాకు ప్రాణంరా. మేనేజరు ఎంతైనా ఇత్తానన్నాడు. కానీ ఏటి లాభం, ఆ ఇల్లొక్కటీ ఎవుడూ అమ్మడు."

జోగమ్మ చేతులు ఆగిపోయాయి. "అది మన కోటరే కదయ్యా," అంది.

ఈసారి భీమారావు నవ్వలేదు. అసిరయ్య గ్లాసు కింద పెట్టేశాడు.

"మావా, నాను సెప్దామని వచ్చింది అదే. నీ తర్వాత ఈ కోటరు నాకే అలాటయ్యింది. నిన్ననే ఆఫీసులో సెప్పేరు. ఎవుడో సెప్తే నువ్వినడం కన్నా నానే సెప్పాలని వచ్చేను."

జోగమ్మ చెంగుతో కళ్ళొత్తుకుంది. "పోన్లే నాయనా, మనోడికే వచ్చింది," అంది గానీ ఏడుపు ఆగలేదు ఆవిడకి.

తవిటయ్య వరండా స్తంభం మీద చెయ్యి వేశాడు.

"నాకు అప్పు రాలేదురా. సర్వీసు ఇంకెంతుందని అడిగేరు. నెలన్నాను. నెల సర్వీసున్నోడికి ఎవుడిత్తాడు? ఆళ్ళ తప్పేటుంది." అసిరయ్య వైపు తిరిగాడు. "అసిరీ, నీ పిల్లలు సిన్నోళ్ళు. రెండు గదులూ మీకు కావాల. ఎనకాల వరండాకి తడక కట్టుకుంటాం, నానూ మీ అత్తా. అద్దెకిత్తావేట్రా?"