ఎడమ పక్క రెండు వేళ్లు

చెన్నూరు దగ్గర గోదావరి ఒడ్డున, తన తండ్రి చేసిన తెరచాప పడవ పక్కన ముసలి వడ్రంగి కూర్చున్నాడు. అదే నమూనాలో ఫైబరు పడవలు చేయడానికి అచ్చు తీయాలని కూతురు కొలతలు తీసుకుంటోంది.

“బాపూ, ఎడమ పక్క రెండు వేళ్లు ఎక్కువ ఉబ్బున్నది.”

“ఎరుకే.”

“ఎరుకనా! అందుకే తెరచాప ఎత్తంగనే ఓ దిక్కు గుంజుతది. మరి నువ్వు చేసినయి సుత గిట్లనేనా?”

“గిట్లనే. మా బాపుకు ఎడమ కన్ను మసక. ఎవ్వలకు చెప్పకపోయేటోడు. ఓసారి నేను ఎడమ పక్క తగ్గించి సక్కటి పడవ చేసిన. దాన్ని చూసి ఆయన వారం రోజులు బాడిశ పట్టలే. నేను మళ్ల గట్ల చెయ్యలే.”

“ఇప్పుడు తాత లేడు గద. వంకర పడవ ఎవ్వలు కొంటరు? నేను తగ్గిస్త.”

ముసలాయన ఆ ఉబ్బు మీద అరచెయ్యి ఆనించాడు. తండ్రి ముఖం ఇప్పుడు తనకు సరిగా గుర్తులేదు. ఈ ఒంపు మాత్రం చేతికి గుర్తుంది.

“దాన్ని ముట్టకు బిడ్డా. కుడి పక్కనే రెండు వేళ్లు పెంచు.”

కూతురు టేపు వదిలేసి ఫక్కున నవ్వింది. “గింతేనా? గిన్నేండ్లు గిది నీకెందుకు తోచలే?”

“సరిచేసుడంటే తగ్గించుడే అనుకున్న.”