ఒక కప్పు బియ్యప్పిండి

1999 అక్టోబరు 23, శనివారం మధ్యాహ్నం మూడింటికి, క్లేటన్‌లోని అద్దె ఇంట్లో లీల వేసిన చేగోడీలు నూనెలో పగిలిపోయాయి. ఇండియన్ షాపు ఆమెకిచ్చిన మొదటి ఆర్డరు అది, ఐదింటికి అందించాలి.

“ఇరవై కప్పుల పిండికి ఇరవై కప్పుల నీళ్లు. ఎప్పుడూ అంతే పోస్తాను. ఈరోజెందుకు పగిలాయండీ?” అని భర్తని అడిగింది.

“నన్నడుగుతావేంటి? వంట నీది.”

“పిండి తూచింది మీరు. కప్పులతో కొలవడం పల్లెటూరి పద్ధతని, ఎక్సెల్‌లో చార్టు చేసి ఫ్రిజ్‌కి అంటించారు.”

“చార్టు కరెక్టే. కప్పుకి రెండొందల యాభై. కప్పు అడుగునే రాసుంది.”

“అవి మిల్లీలీటర్లు! నీళ్లకైతే సరే. పిండికీ, అటుకులకీ కూడా అదే గ్రాములు వేస్తారా?”

“అరవకు. పక్కింటివాళ్లు వింటారు.”

“వింటే విననివ్వండి, వాళ్లకి తెలుగు రాదు. ఆఫీసు కంప్యూటర్లలో వైటూకే తేదీల తప్పులు పట్టేది మీరేగా? ఇదిగో, డబ్బాలో మిగిలిన పిండి కప్పుడుంది. కాటా మీద పెట్టండి.”

“నూట యాభై నాలుగు.”

“గట్టిగా చెప్పండి. కావాలంటే ఇంగ్లీషులో చెప్పండి, పక్కింటివాళ్లకి అర్థమవుతుంది.”

“సరే, తప్పే. ఇరవై అనుకున్న పిండి ముప్పై కప్పులు దాటింది, నీళ్లు చాల్లేదు. ఇంకా గంటన్నర ఉంది. మళ్లీ కలుపు.”

“దేంతో? ఈ కప్పుడే మిగిలింది.”

“నేను తెస్తాను. బియ్యప్పిండి ఎక్కడ దొరుకుతుంది?”

“ఆర్డరిచ్చిన షాపులోనే. ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా లేదు. వెళ్లి ఏమని అడుగుతారు?”

మూడున్నరకి అతను కారు తాళాలు తీసుకున్నాడు. ఐదింటికి కూడా కారు ఇంటి ముందు నుంచి కదల్లేదు.